కరీంనగర్‌లో పదిన్నర, దోహాలో ఎనిమిది

ఖతార్‌లోని భారత రాయబారి గారికి,



కరీంనగర్ కోర్టులో ఉదయం పదిన్నరకు బంట్రోతు పేరు పిలిచేసరికి దోహాలో ఎనిమిది గంటలవుతుంది. ఆ పేరుగల మనిషి అప్పటికే క్యాంపు బస్సు దిగి, హెల్మెట్ పెట్టుకుని, పనిలో దిగి ఉంటాడు. మూడుసార్లు పిలుస్తారు. పలికేవారుండరు. ఒక వాయిదా, రెండు వాయిదాలు, ఆ తర్వాత అతను లేకుండానే తీర్పు, ఎక్స్‌పార్టీ. పెళ్ళి కేసైతే విడాకులు, పొలం కేసైతే డిక్రీ. ఆ కబురు అతనికి వాట్సాప్‌లో బావమరిదో, పక్కింటి కుర్రాడో పెట్టిన ఫొటోగా అందుతుంది. చట్టం అన్యాయం చేసిందని అతను అనుకుంటాడు. చాలాసార్లు చట్టం అతని మాట వినడానికి సిద్ధంగానే ఉంది, మాట్లాడే చోటే దొరకలేదు. ఈ లేఖ ఆ చోటు గురించే.

ఖతార్‌లో ఎనిమిది లక్షలకు పైగా భారతీయులున్నారు. అందులో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన కూలీలు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్ళు, హైదరాబాద్, విజయవాడల ఇంజనీర్లు, నర్సులు అందరూ ఉన్నారు. జీతం ఆగితే ఏం చెయ్యాలో వీళ్ళలో చాలామందికి ఇప్పుడు తెలుసు. 2018 మార్చి నుంచి కార్మిక వివాద పరిష్కార కమిటీలు పనిచేస్తున్నాయి, మూడు వారాల్లో తేల్చాలన్నది వాటికున్న నియమం. మీ కార్యాలయం ఫిర్యాదులు వినే ఓపెన్ హౌస్ పెడుతుంది. 1984 నుంచి ఉన్న భారతీయ సేవాసంస్థ ఐసీబీఎఫ్ వాలంటీర్లు క్యాంపులకే వస్తారు. మరి కాపురం చెడితే? తమ్ముడు పొలం తన పేర రాయించుకుంటే? అక్కడికొచ్చేసరికి అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. రూములో ఎవరికో తెలిసిన వకీలు, ఆ వకీలుకు తెలిసిన గుమాస్తా. అంతే.

పరాయిదేశంలో తెలుగువాళ్ళ కాపురాలు కోర్టుకెక్కడం కొత్తేమీ కాదు. దేశం మొత్తానికీ దారి చూపిన తీర్పులు కొన్ని మన ఊళ్ళ నుంచే వెళ్ళాయి.

మొదటిది తిరుపతి కేసు. 1975 ఫిబ్రవరి 27న తిరుపతిలో హిందూ సంప్రదాయం ప్రకారం పెళ్ళి. 1978 జులై నాటికి ఇద్దరూ విడిపోయారు. భర్త అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కోర్టుకు వెళ్ళాడు. అక్కడ 90 రోజులు నివాసముంటే కేసు వేసుకోవచ్చు. భార్య ఇక్కడి నుంచే అభ్యంతరం తెలుపుతూ జవాబు పంపింది, అక్కడికి వెళ్ళలేదు. పెళ్ళి బాగుచెయ్యలేనంతగా చెడిందన్న కారణంతో 1980 ఫిబ్రవరి 19న అక్కడి కోర్టు విడాకులిచ్చేసింది. 1981 నవంబరు 2న ఆయన యాదగిరిగుట్టలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు, రెండో పెళ్ళి నేరమని క్రిమినల్ కేసు పెట్టింది. కింది కోర్టులో ఆయన చూపించింది మిస్సోరి తీర్పు జిరాక్స్ కాపీ. హైకోర్టు అది చెల్లదంది. 1991లో సుప్రీంకోర్టు అసలు ఆ తీర్పే ఇక్కడ చెల్లదని తేల్చింది. న్యాయవాదులు దాన్ని ఇప్పటికీ నరసింహారావు కేసు అంటారు.

అందులో చెప్పిన సూత్రం పామరుడికి కూడా అర్థమయ్యేదే. ఏ చట్టం కింద పెళ్ళి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టులో, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే విడాకులు రావాలి. మినహాయింపులు మూడే. అవతలి మనిషి స్థిరంగా నివసించే చోటే కేసు వేసి, కారణం కూడా మన చట్టంలో ఉన్నదే అయి ఉండాలి. లేదా, అవతలివారు ఇష్టపూర్వకంగా ఆ కోర్టుకు వచ్చి, మన చట్టంలో ఉన్న కారణం మీదే పోరాడి ఉండాలి. లేదా, విడాకులకు తామూ ఒప్పుకుని ఉండాలి. ఈ మూడూ కాకపోతే, అక్కడ విడాకులైన మనిషి తిరుపతి వచ్చేసరికి మళ్ళీ ఆమె మొగుడే.

ఇది అమెరికా కథ కదా అని దోహాలో ఎవరూ నిశ్చింతగా ఉండనక్కర్లేదు. ఖతార్ కుటుంబ చట్టం 2006లో వచ్చింది, ఆ ఏటి 22వ నంబరు చట్టం. షరియా మీద నిలిచిన ఈ చట్టం ముస్లిమేతరుల సొంత నియమాలకు కొంత చోటిచ్చింది. దోహా కోర్టు ఏమి తేల్చినా, హిందూ వివాహ చట్టం కింద పెళ్ళాడిన జంట విషయంలో ఇంటి దగ్గర 1991 నాటి గీటురాయి మీద గీసి చూస్తారు. ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారా, ఒకరు విమానమెక్కి వెళ్ళిపోయాక ఇంకొకరు ఒంటరిగా తెచ్చుకున్నారా అన్నదే అక్కడ తేడా. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే ఆగే రెండో పెళ్ళిళ్ళు కొన్నైనా ఉంటాయి.

రెండోది ఇంకా విచిత్రం. ఒంగోలులో పెళ్ళి, బోట్స్వానాలో కాపురం, అద్దంకి కోర్టులో కేసు. 2005 నవంబరులో ఒంగోలులో కట్నకానుకలతో పెళ్ళయింది. ఆమె ఆఫ్రికాలో భర్త దగ్గరికి వెళ్ళింది, అక్కడ బాధలు పెట్టారని తిరిగొచ్చి ఫిర్యాదు చేసింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2011లో ముగ్గురు న్యాయమూర్తులు చెప్పిందేమిటంటే, ఇక్కడ జరిగిన నేరం మీద విచారణ సాగవచ్చు, బోట్స్వానాలో జరిగిన దాని మీద మాత్రం కేంద్రప్రభుత్వం ముందస్తు అనుమతి లేకుండా విచారణ నడవదు. పాత సీఆర్‌పీసీలో అది 188వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 208.

దోహా ఫ్లాట్‌లో దెబ్బలు తిన్న అమ్మాయి విజయవాడ వెళ్ళి స్టేషన్‌లో చెప్పుకుంటే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఫిర్యాదు తీసుకుంటారు. పుట్టింట్లో తలదాచుకున్న చోటే వేధింపుల కేసు పెట్టుకోవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. కానీ దోహాలో జరిగినదాని మీద విచారణ మొదలు కావాలంటే ఢిల్లీ నుంచి ఒక కాగితం రావాలి. ఆ సంగతి ఆమెకు చెప్పేవాళ్ళెవరు? ఖతార్‌లో ఉండగానే బాధితులను ఆదుకునే అమాన్ కేంద్రానికి వెళ్ళి ఉంటే, ఆసుపత్రి కాగితం ఒకటి దాచి ఉంటే ఎంత పని తేలికయ్యేదో విమానం దిగాక తెలుస్తుంది. పైగా ఆమె వీసా భర్త స్పాన్సర్‌షిప్ మీద ఉంది. ఆమె ఖతార్ ఐడీ ఉండటమూ ఊడటమూ అతని ఫోన్‌లోని ప్రభుత్వ మెట్రాష్ యాప్‌లో ఉంటుంది. ఇంటి గొడవ ఎంత పెద్దదైనా బయటికి రాకపోవడానికి సగం కారణం ఇదే.

ముస్లిం కుటుంబాల గోడు వేరు. పాతబస్తీలోనూ నిజామాబాద్‌లోనూ గల్ఫ్ నుంచి ఫోన్‌లో మూడు మాటలు విని కూలబడ్డ ఆడవాళ్ళున్నారు. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఆ తక్షణ తలాక్‌ను కొట్టేసింది. 2019 చట్టం దాన్ని నోటితో చెప్పినా, రాసినా, ఫోన్‌లో మెసేజ్ పెట్టినా చెల్లదని చెప్పి, మూడేళ్ళ దాకా జైలు అన్నది. ఖతార్‌లో కూర్చుని పంపిన మెసేజ్‌తో ఇంటి దగ్గర పెళ్ళి పోదు. 2024 జులై 10న తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులోనే ఇంకో ముడి విప్పారు. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా సాధారణ క్రిమినల్ చట్టం కింద మనోవర్తి అడగవచ్చని జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఆగస్టీన్ జార్జ్ మసీహ్ తీర్పు చెప్పారు. ఆ కేసులో ఫ్యామిలీ కోర్టు మొదట నెలకు 20,000 రూపాయలు ఇమ్మంటే, హైకోర్టు దాన్ని 10,000 చేసింది. భర్త అదీ ఇవ్వనని ఢిల్లీ దాకా వెళ్ళాడు.

మనోవర్తి మాటొచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. గల్ఫ్ మొగుళ్ళ జీతమెంతో దేవుడికే తెలియాలని మన కోర్టుల్లో ఒక మాట ఉండేది. "కంపెనీ మూతపడింది సార్", "ఆజాద్ వీసా సార్, దొరికితే పని లేకపోతే లేదు" అని చెప్పేవారు. ఇప్పుడా మాట అంత తేలికగా చెల్లదు. 2015 చివరి నుంచి ఖతార్‌లో కార్మిక చట్టం కిందికొచ్చే కంపెనీలు జీతాలు బ్యాంకు ఖాతాలోనే వెయ్యాలి. మన దగ్గర 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తిపాస్తుల అఫిడవిట్ దాఖలు చెయ్యాలనీ, మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కగట్టాలనీ చెప్పింది. కాబట్టి అడగవలసిన కాగితం బ్యాంకు స్టేట్‌మెంట్. అది అడగాలని తెలియని భార్యలు ఎందరో, తెలిసినా నోరెత్తని వకీళ్ళు కొందరు.

ఇక అసలు విషయానికి వద్దాం.

2015లో హైదరాబాద్ హైకోర్టు ఒక మంచి పని చేసింది. పరస్పర అంగీకారంతో విడాకులు కోరిన ఒక జంటలో ఒకరు దేశంలో లేరు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ద్వారా కేసు నడుపుకోవచ్చు, స్కైప్‌లో మాట తీసుకోవచ్చు అని హైకోర్టు అనుమతించింది. అప్పటికి చాలామంది కింది కోర్టు గుమాస్తాలకు స్కైప్ అంటే ఏమిటో తెలియదు. 2017 మార్చిలో, హైదరాబాద్‌లో ఉండే ఒక మహిళ జబల్‌పూర్‌లో పడ్డ కేసును తన ఊరికి మార్చమని అడిగినప్పుడు, వీడియో కాన్ఫరెన్స్ వాడుకోమని సుప్రీంకోర్టు అన్నది. అదే ఏడాది అక్టోబరు 9న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాటకు పగ్గం వేసింది. రాజీ ప్రయత్నం జరిగేటప్పుడు తెర వద్దు, అది విఫలమయ్యాక ఇద్దరూ ఒప్పుకుంటే చూడవచ్చు అంది. ఈలోగా సెప్టెంబరు 12న ఇంకో తీర్పు, పరస్పర అంగీకార విడాకుల్లో ఆరు నెలల గడువును తగిన కేసుల్లో ఎత్తెయ్యవచ్చని, అందుకు వీడియోనూ వాడుకోవచ్చని చెప్పింది. దోహాలో ఉద్యోగం చేసుకునే జంటలకు ఆరు నెలల్లో రెండుసార్లు టికెట్ కొనుక్కోవడం ఎంత బరువో వేరే చెప్పాలా.

కరోనా వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు ఇ-కమిటీ వీడియో విచారణలకు నమూనా నిబంధనలు రాసింది. రాయబారి గారూ, మీరు చూడవలసింది అక్కడే. సాక్షి గానీ కక్షిదారు గానీ విదేశంలో ఉంటే, ఆ చివర ఎవరు పక్కన ఉండి చూడాలి అన్న ప్రశ్నకు ఆ నిబంధనలు జవాబిచ్చాయి. అక్కడి భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్ అధికారి అని రాశాయి. మనిషి ఎవరో గుర్తుపట్టడం, పక్కన ఎవరూ చెప్పించకుండా చూడడం, కాగితం మీద సంతకం పెట్టించడం ఆ అధికారి పని.

అంటే కరీంనగర్ జడ్జి గారు ఒప్పుకుంటే ఆ ఎనిమిది గంటల పిలుపుకు మీ భవనంలోని ఒక గదిలోంచి పలకవచ్చు. కానీ ఈ సంగతి మన క్యాంపుల్లో తెలిసినవాళ్ళు అరుదు. ఊళ్ళో వకీలు "రావలసిందే" అంటాడు, కంపెనీ "సెలవు లేదు" అంటుంది, మనిషి నోరు మూసుకుంటాడు.

గది సంగతి తెలియకపోవడం ఒక్కటే కాదు, కాగితానిదీ ఇదే గతి. మీ కాన్సులర్ కౌంటర్ దగ్గర ఒక జీపీఏ తయారవడం చూసినవాళ్ళకు ఇది తెలుస్తుంది. ఫొటో అంటించి, అధికారి ఎదుట సంతకం పెట్టి, పక్కన వేలిముద్ర వేసి, ముద్ర పడగానే ఆ మనిషి ముఖంలో పని అయిపోయిందన్న ధీమా కనబడుతుంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఊరెళ్ళే స్నేహితుడి సూట్‌కేసులో ఖర్జూరం డబ్బాల కింద పంపుతాడు. ఇంటి దగ్గర అది బీరువాలోకి వెళ్తుంది. భారత స్టాంపుల చట్టం 18వ సెక్షన్ ప్రకారం విదేశంలో రాసిన ఆ కాగితానికి దేశంలోకి వచ్చిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో పది నిమిషాల పని. ఎవరూ చెప్పరు. ఏడాది తర్వాత కోర్టులో అవతలి వకీలు లేచి, "ఈ జీపీఏకు స్టాంపు లేదు యువరానర్" అంటాడు. అంతటితో ఆ రోజు వాయిదా.

ఆ జీపీఏను నమ్మి తమ్ముడికో బావకో పొలం అప్పగించినవాళ్ళు ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. జీపీఏ మీద అమ్మకం జరిగినంత మాత్రాన హక్కు మారదని 2011 అక్టోబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇది రెండువైపులా పదునున్న కత్తి. వాళ్ళ భూమిని జీపీఏ కాగితంతోనే ఎవరో కొన్నామంటే భయపడనక్కర్లేదు. వాళ్ళు గల్ఫ్ డబ్బుతో జీపీఏ మీదో, రిజిస్ట్రేషన్ లేని సాదాబైనామా మీదో కొన్న ప్లాటు తమదని ధీమాగా ఉండటానికీ లేదు.

అప్పుల్లోనూ ఇలాంటి మెలికే ఉంది. ప్రోనోటుకు మూడేళ్ళకు కాలదోషం పడుతుందని పల్లెలో చిన్నపిల్లాడికీ తెలుసు. అప్పుచేసి వీసా కొనుక్కుని దోహా వచ్చినవాడు, మూడేళ్ళు గడిస్తే గండం గడిచిందనుకుంటాడు. గడవదు. ప్రతివాది దేశంలో లేని కాలాన్ని ఆ లెక్కలోంచి తీసెయ్యాలని కాలపరిమితి చట్టం 15వ సెక్షన్ అంటుంది. గల్ఫ్‌లో ఉన్నన్నాళ్ళూ గడియారం ఆగే ఉంటుంది. ఖతార్‌లో చేసిన అప్పుది వేరే పద్ధతి. అద్దెకో లోనుకో హామీగా సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కు బౌన్సయితే అక్కడ అది నేరం. 2004 నాటి శిక్షాస్మృతిలో మూడు నెలల నుంచి మూడేళ్ళ జైలు ఉంది. భార్యాభర్తలు విడిపోయే వేళ ఆ చెక్కు ఎవరి చేతిలో ఉందో, ఎవరి పేర ఉందో ముందు చూసుకోవాలి. మనోవర్తి లెక్క ఆ తర్వాత.

దోహా కోర్టు డబ్బు కట్టమని తీర్పిస్తే అది ఊళ్ళో నేరుగా అమలవుతుందా? యూఏఈ కోర్టుల డిక్రీలను ఇక్కడ నేరుగా అమలు చేసే వీలు 2020 జనవరిలో వచ్చింది. అలాంటి దేశాల జాబితాలో ఖతార్ లేదు. కాబట్టి ఆ తీర్పు పట్టుకుని ఇక్కడ మళ్ళీ దావా వెయ్యాలి, అదీ మూడేళ్ళలో. పిల్లల సంగతి ఇంకా చిక్కు. ఒకరు చెప్పకుండా బిడ్డను విమానమెక్కిస్తే వెనక్కి రప్పించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ లేదు, ఖతార్ లేదు. మిగిలింది హైకోర్టులో హెబియస్ కార్పస్, అక్కడ బిడ్డ క్షేమమే కొలబద్ద.

ఈ లోపాలన్నీ మీ కార్యాలయం తీర్చగలిగినవి కావు. ప్రవాసుల పెళ్ళిళ్ళను 30 రోజుల్లో నమోదు చెయ్యాలన్న బిల్లును 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో పెట్టారు, అది చట్టం కాలేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 287వ నివేదికలో సమగ్ర చట్టం కావాలంది. అదెప్పుడొస్తుందో ఢిల్లీ చూసుకోవాలి. ఈ లేఖ మీ చేతుల్లో ఉన్నవే అడుగుతోంది.

ఒకటి, ఆ గది. తలుపు మూసుకునే గది, ఒక తెర, నమ్మకమైన ఇంటర్నెట్, నిబంధనలు చెప్పిన అధికారి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుల రిజిస్ట్రార్లకు మీ కార్యాలయం నుంచి ఒక ఉత్తరం వెళ్తే చాలు, దోహాలో ఈ ఏర్పాటుందని కింది కోర్టులకు తెలుస్తుంది.

ఇంకొకటి మరీ చిన్నది. కౌంటర్లో జీపీఏ మీద ముద్ర వేసినప్పుడు దానికి ఒక తెలుగు చీటీ జతచెయ్యండి. ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలని రాసి ఉంటే చాలు. మలయాళంలో, తమిళంలో, హిందీలో కూడా వేస్తే మీకు పుణ్యం.

మూడోది మీ ఓపెన్ హౌస్. అందులో కుటుంబ, సివిల్ గొడవల కోసం ఒక పూట, తెలుగు వచ్చిన వకీలుతో. డబ్బు ఎక్కడి నుంచంటారా, 2009లో మొదలైన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. న్యాయ సహాయం దాని పనుల్లో ఒకటి, భర్తలు వదిలేసిన ఆడవాళ్ళకు కూడా అది వర్తిస్తుంది. ఒక్క మనవి, ఆ పూట శుక్రవారం పెట్టించండి. మీ కార్యాలయానికి శుక్రవారం సెలవు, నిజమే. ఈ మనుషులకు సెలవు దొరికేదీ ఆ ఒక్క రోజే.

ఇట్లు,
ఖతార్ తెలుగు కుటుంబాల తరఫున